పల్చటి పిక్ చపచప, మందం పిక్ ఎగిరిపోతోంది: ఏది కొనాలో తేల్చండి

అరిగిన_బొటనవేలు
నాలుగు నెలలుగా అకౌస్టిక్ గిటార్ నేర్చుకుంటున్నా. స్టీల్ తీగలు, 12-53 సెట్ (తీగల మందం అంకెలు). కొత్త గిటార్ కొన్నప్పుడు షాపువాళ్లు రెండు పల్చటి పిక్‌లు, అంటే తీగలు మీటే ప్లాస్టిక్ బిళ్లలు, ఊరికే ఇచ్చారు. వాటితో స్ట్రమ్ చేస్తుంటే, అంటే తీగలన్నీ ఒక్క ఊపున మీటుతుంటే, కార్డ్ (కలిసి పలికే స్వరాలు) కన్నా ప్లాస్టిక్ చపచపే ఎక్కువ వినిపిస్తోంది. ఒకటి మూడో వారానికే చీలింది. రెండోది సౌండ్ హోల్‌లో పడి అక్కడే కాపురం పెట్టింది. గిటార్ కదిలిస్తే గలగలమంటుంది.

మాస్టారేమో "కొత్తవాడివి, పల్చటిదే వాడు" అంటారు. వీడియోల్లో ఏమో "పల్చటివి చిన్నపిల్లలకి, ఒకటిన్నర మి.మీ. పట్టు" అంటున్నారు. ఎందుకొచ్చిన గొడవని ఆన్‌లైన్‌లో రకరకాల మందాలున్న డజను తెప్పించా. మందం పిక్ తీగకి తట్టుకుని ఆగిపోతోంది, లేదా వేళ్లలో గిర్రున తిరిగి ఎగిరిపోతోంది. నిన్న ఒకటి వెళ్లి పప్పుగిన్నెలో పడింది. అమ్మ ఇంకా మాట్లాడట్లేదు.

నేను వాయించేది సినిమా పాటలకి కార్డ్స్, మధ్యలో వచ్చే బిట్లు ఒక్కో తీగ మీద. రెండిటికీ ఒకే పిక్ కావాలి. ఒక్క ముక్కలో చెప్పండి.

కాపో_రెండో_ఫ్రెట్
0.73 మి.మీ. ఇక థ్రెడ్‌కి తాళం వేసేయొచ్చు.

స్ట్రమ్ముల_సుబ్బడు
కాపో బ్రో, ఏ 0.73? నైలాన్ 0.73 మెత్తగా వంగుతుంది. అదే మందం టార్టెక్స్ అనే ప్లాస్టిక్ కొంచెం బిర్రు. అల్టెక్స్ అనేది ఇంకా బిర్రు. మూడిటి మీదా అంకె ఒకటే. నంబరు చూసి చెప్పులు కొన్నట్టే ఇది, వేసుకుని నాలుగడుగులు నడిస్తే గానీ తెలీదు.

పాతబస్తీ_పెంటటోనిక్
జాజ్ త్రీ తీసుకో. చిన్న సైజు, 1.38 మి.మీ., మొన సన్నగా ఉంటుంది. ఎరిక్ జాన్సన్ లాంటి పేరున్న గిటారిస్ట్ వాడేది అదే. మొదటి వారం ఏడిపిస్తుంది. తర్వాత మామూలు పిక్ పట్టుకుంటే చేతిలో అప్పడం ఉన్నట్టు ఉంటుంది. మందం పిక్ వంగదు కాబట్టి నువ్వు కొట్టిన క్షణానే నోట్ వస్తుంది. పల్చటిది ముందు తను వంగి, తర్వాత తీగని వదులుతుంది. స్పీడ్ పెంచితే ఆ ఆలస్యం తెలిసిపోతుంది.

చర్చి_గిటార్_గుంటూరు
కార్డ్స్ వాయించే పిల్లాడికి జాజ్ త్రీ ఇస్తావా తమ్ముడూ? బాగుంది.

పదకొండేళ్లుగా ప్రతి ఆదివారం ఆరాధనలో వాయిస్తున్నా. కీబోర్డ్, రిథమ్ ప్యాడ్, తబలా, పాతికమంది క్వాయర్. అంత శబ్దంలో గిటార్ పని స్వరం పలకడం కాదు, లయ పట్టి ఉంచడం. మొదటి పోస్టులో అతను తిట్టుకున్న ఆ చపచప ఉందే, నాకు కావాల్సిందే అది. నైలాన్ 0.60 వాడతా.

డిసెంబర్‌లో క్యారల్స్‌కి ఇంటింటికీ తిరుగుతాం. రాత్రి పన్నెండింటికి వేళ్లు కొయ్యబారి ఉంటాయి. ఆ సమయంలో మందం పిక్‌తో స్ట్రమ్ చేస్తే మూడో ఇంటికే మణికట్టు పట్టేస్తుంది. పైగా గట్టిగా కొట్టినప్పుడు పల్చటి పిక్ తానే వంగి తప్పుకుంటుంది, మందంది తీగనే లాగుతుంది. పిక్ చీలితే జేబులో ఇంకోటి ఉంటుంది. పాట మధ్యలో తీగ తెగితే ఏం చేస్తాం?

పాతబస్తీ_పెంటటోనిక్
అన్నా, బిట్లు కూడా వాయిస్తానని రాశాడు కదా. దానికి చెప్పా.

చర్చి_గిటార్_గుంటూరు
ముందు కార్డ్స్ అని రాశాడు. బిట్లు "మధ్యలో" అన్నాడు. మళ్లీ చదువు.

ఆరో_తీగ_తెగింది
పాప్‌కార్న్ తెచ్చుకుంటా, కొట్టుకోండి.

తీగలక్క_వైజాగ్
ఇంట్లో పిల్లలకి గిటార్ నేర్పుతుంటాను. పైన అందరూ పిక్ గురించే మాట్లాడారు. కానీ అతను చెప్పిన కష్టాలు రెండూ, అంటే తీగకి తట్టుకుని ఆగిపోవడం, వేళ్లలో తిరిగిపోవడం, పట్టుకునే పద్ధతివి.

బాబూ, నీ చేతిలో పిక్ మొన ఎంత బయటికి ఉందో ఒకసారి చూసుకో. సెంటీమీటరు దాకా ఉంటుందని నా అనుమానం. తలుపుని మడతబందు దగ్గర తోస్తే కదలదు, చివర తోస్తే వేలితో కూడా తిరుగుతుంది. పిక్ అంతే. మొన ఎంత పొడుగ్గా బయట ఉంటే తీగ దాన్ని అంత తేలిగ్గా తిప్పేస్తుంది. ఒక్కో తీగ వాయించేటప్పుడు మూడు నాలుగు మి.మీ. బయట ఉంటే చాలు. స్ట్రమ్మింగ్‌కి ఇంకొంచెం వదలొచ్చు.

రెండోది, వాలు. పిక్ బల్లపరుపుగా తీగకి ఎదురెళ్తే గోడకి గుద్దుకున్నట్టే. కాస్త ఏటవాలుగా తిప్పి చూడు, అంచు మీంచి జారిపోతుంది. మరీ తిప్పావంటే చుట్టు ఉన్న లావు తీగల మీద గరగరమంటుంది, అది నీకే వినిపిస్తుంది.

ఎగిరిపోతోందని గట్టిగా నొక్కకు. గట్టిగా నొక్కితే మణికట్టు బిగుసుకుంటుంది, అప్పుడు ఇంకా తట్టుకుంటుంది. మా పిల్లలకి ఒక పరీక్ష పెడతా. వాయిస్తుండగా వెనకనుంచి వచ్చి పిక్ లాగుతా. ఊడి రావాలి, కానీ ఊరికే రాకూడదు.

పల్చటి పిక్‌తో మొదలుపెట్టినవాళ్లకి ఒక ఇబ్బంది ఉంటుంది. చెయ్యి బరువుగా పడేసినా పిక్ వంగి కాపాడేస్తుంది. మందంది పట్టుకోగానే అన్నాళ్లూ పిక్ మోసిన బరువు చేతి మీద పడుతుంది. అలాగని మీ మాస్టారు చెప్పింది తప్పనను. మొదటి రెండు నెలలు అదే నయం, పిల్లలు భయపడి మానేయరు. నీకు నాలుగు నెలలు అయ్యాయి కాబట్టి మారే టైమ్ వచ్చింది.

ఆరో_తీగ_తెగింది
అక్క మర్యాదగా "ఆడలేక మద్దెల ఓడు" అంటోంది.

తీగలక్క_వైజాగ్
అనలేదు నాయనా. మద్దెల కూడా కొంచెం ఓడే. నాలుగు నెలలవాడికి 12-53 తీగలెందుకు? 11-52 వేయించుకుంటే ఎడమచేతికీ హాయి, పిక్‌కీ ఎదురు తగ్గుతుంది.

బెజవాడ_బేస్
పట్టు పాఠాలు బాగున్నాయి గానీ, మే నెలలో బెజవాడ వచ్చి చెప్పండి అక్కా. ఫ్యాన్ గాలికి చెమట ఆరదు. పిక్ సబ్బుముక్కలా జారుతుంది. పౌడర్ రాస్తే ఇంకా జారింది. చివరికి కాగితాలు గుచ్చే పంచ్ మెషిన్‌తో పిక్ మధ్యలో చిల్లు పెట్టా. బొటనవేలు, చూపుడువేలు ఆ చిల్లులో ఒకదానికొకటి తగులుతాయి, ఇక జారదు. మరీ మందంగా ఉన్నవాటికి పంచ్ దిగదు, వాటికి గరుకు కాగితంతో రెండు వైపులా గీతలు పెట్టా. కొన్ని పిక్‌ల మీద కంపెనీవాళ్లే బొడిపెలు పెడతారు, అవీ పనిచేస్తాయి.

కాపో_రెండో_ఫ్రెట్
చిల్లు ఐడియా సూపర్. కానీ బేస్‌కి పిక్కా? పాపం బేస్.

బెజవాడ_బేస్
ఇదిగో, వచ్చేశాడు బేస్ గిటార్ వేళ్లతోనే వాయించాలనే మతస్థుడు. ఈ థ్రెడ్‌లో వద్దు.

గోటిపాటు
వేళ్లంటే గుర్తొచ్చింది, అసలు పిక్ ఎందుకు? పెద్ద గిటారిస్ట్ మార్క్ నాఫ్లర్‌కి అక్కర్లేదు. వెస్ మాంట్‌గోమరీ బొటనవేలితోనే జాజ్ అంతా వాయించాడు.

స్ట్రమ్ముల_సుబ్బడు
మాంట్‌గోమరీ బొటనవేలు వేరు, మన బొటనవేలు వేరు. స్టీల్ తీగల మీద గంట స్ట్రమ్ చేసి చూడు, మర్నాడు అన్నం స్పూన్‌తో తింటావు.

మాండొలిన్_మామయ్య
గిటారువాళ్ల మధ్యలో దూరుతున్నా, ఏమనుకోకండి. ముప్పై ఏళ్లుగా మాండొలిన్ వాయిస్తున్నాను. మామూలు మాండొలిన్‌కి ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. పల్చటి పిక్‌తో కొడితే జంటలో ఒక తీగకి తగిలి, వంగి, ఆగి రెండోదానికి తగులుతుంది. ఒక మీటుకి రెండు చప్పుళ్లు. మందం పిక్ రెండిటినీ ఒకే ఊపున దాటేస్తుంది. నేను మందందే వాడతాను, మొన కాస్త గుండ్రంగా అరగదీసి.

చిన్నప్పుడు ఉప్పలపు శ్రీనివాస్ గారి కచేరీకి మా నాన్న భుజాన ఎత్తుకుని తీసుకెళ్లారు. మన పాలకొల్లు ఆయన. ఎలక్ట్రిక్ మాండొలిన్, జంటలు తీసేసి ఒంటి తీగలు. ఎడమచెయ్యి గమకాలు పలుకుతుంటే జనం అందరూ ఆ చేతినే చూస్తున్నారు. తర్వాత్తర్వాత నేను నేర్చుకుంటున్నప్పుడు తెలిసింది కుడిచెయ్యి సంగతి. గమకం సాగాలంటే మీటు పడ్డాక తీగ మోగుతూ ఉండాలి. మీటు బలహీనంగా పడితే ఎడమచెయ్యి ఎంత ఊపినా స్వరం మధ్యలో చచ్చిపోతుంది.

మన వాద్యాల్లో ఎవరి మీటు వారిది. వీణకి గోరో, వేలికి తొడిగే తీగ మీటో. సితార్‌కి మిజ్రాబ్ అనే తీగ ఉంగరం. సరోద్‌వాళ్లు కొబ్బరిచిప్పని అరగదీసి జవా చేసుకుంటారు. ఆ జవా వంగనే వంగదు. ఎవరూ "ఎన్ని మి.మీ." అని అడగరు, మీటు వినిపించమంటారు. ఈ అబ్బాయికి కూడా అదే చెబుతున్నా. సినిమా పాటల్లో బిట్లు చాలావరకు జారుళ్లతో ఉంటాయి. వాటికి పల్చటిది పనికిరాదు.

చర్చి_గిటార్_గుంటూరు
మామయ్య గారూ, మీ మాటకి ఎదురు చెప్పను. కానీ సరోద్ మీద ఎవరూ క్యారల్స్ స్ట్రమ్ చేయరు కదండీ.

మాండొలిన్_మామయ్య
అదీ నిజమే.

కత్తెర_కళాకారుడు
డబ్బు దండగ ఎందుకు, పాత ఏటీఎం కార్డు కత్తిరించండి. కార్డులన్నీ ఒకే కొలత, మందం 0.76 మి.మీ. అంటే కాపో చెప్పిన 0.73కి అన్నదమ్ముడు. ఒక కార్డులో నాలుగు వస్తాయి, చిప్ ఉన్న మూల వదిలేస్తే. అంచులు గరుకు కాగితంతో నునుపు చేయకపోతే మాత్రం తీగకి తట్టుకుంటుంది. త్వరగా అరుగుతుంది, పర్లేదు, బ్యాంకులు మళ్లీ పంపిస్తాయి.

ఆరో_తీగ_తెగింది
అకౌంట్‌లో లేకపోయినా చేతిలో ఉన్నట్టుంటుంది.

పావలా_ప్లేయర్
క్వీన్ బ్యాండ్ గిటారిస్ట్ బ్రయాన్ మే ఆరు పెన్నీల నాణెంతో వాయిస్తాడని చదివి పాత పావలాతో ప్రయత్నించా. పావలా 2011లోనే చెల్లడం మానేసింది, నా గిటార్ మీద మాత్రం చెల్లుతోంది. గణగణమని భలే పలుకుతుంది. వారం తర్వాత చూస్తే నాలుగో తీగ చుట్టు పోగులు పోగులుగా లేచింది. మన పావలా గట్టి స్టీలు, తీగని తినేస్తుంది. ఎలక్ట్రిక్ మీద, మెత్తటి చేతికి సరే. అకౌస్టిక్ మీద వద్దు.

పాత_పెట్టె
రంగుల సంగతి ఎవరూ చెప్పలేదు. టార్టెక్స్ పిక్‌కి రంగే మందం: ఆరెంజ్ 0.60, పసుపు 0.73, ఆకుపచ్చ 0.88, నీలం 1.0. అంకె అరిగిపోయినా రంగు చెబుతుంది. ఆ పేరు కూడా ఊరికే పెట్టలేదు. వెనకట పిక్‌లు హాక్స్‌బిల్ అనే సముద్రపు తాబేలు డిప్పతో చేసేవారు. 1970ల్లో ఆ తాబేలు డిప్పల అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించారు. డిప్పలా పలికే ప్లాస్టిక్ కోసం పిక్‌లు చేసే డన్‌లప్ కంపెనీవాళ్లు 1981లో టార్టెక్స్ తెచ్చారు.

అంతకు చాలా ముందే, 1922లో న్యూయార్క్‌లో లుయిజీ డాండ్రియా సెల్యులాయిడ్ పిక్‌లు మొదలుపెట్టాడు. ఇప్పుడు మనం మామూలు ఆకారం అనుకునే పిక్ ఆయన నంబరే, 351. ఆ గోధుమరంగు మచ్చలు కూడా తాబేలు డిప్పకి నకలు, మా నాన్న కళ్లజోడు ఫ్రేమ్ లాగ. సెల్యులాయిడ్ మోత నాకు ఇష్టం. అగ్గి దగ్గర మాత్రం పెట్టకండి, భగ్గుమంటుంది. పాత పింగ్‌పాంగ్ బంతులూ అదే సరుకు.

కాపో_రెండో_ఫ్రెట్
"కాల్చి చూడకండి" అని రాస్తే ఇప్పుడు ఎంతమంది కాలుస్తారో.

డాలస్_డెసిబెల్
నా కథ వినండి. చేత్తో చెక్కిన పిక్ ఒకటి 35 డాలర్లు పెట్టి కొన్నా. అంచులు నున్నగా పాలిష్, తీగ మీద వెన్నలా జారుతుంది. నిజంగానే తేడా ఉంది, ఒప్పుకుంటా. పదకొండో రోజు ప్యాంటు జేబులో వాషింగ్ మెషిన్‌లోకి వెళ్లింది. మెషిన్ మొత్తం వెతికా, లేదు. మా ఆవిడకి ధర ఇప్పటికీ తెలీదు. 35 అంటే సెంట్లు అనుకుంటోంది.

స్ట్రమ్ముల_సుబ్బడు
రోకలి తలకి చుట్టండన్నా, పిచ్చి కుదిరింది.

తీగలక్క_వైజాగ్
మొదటి పోస్టు పెట్టినబ్బాయి ఏడీ? ఒక పని చెబుతా. 0.60, 0.73, 0.88 మూడూ ఒకే సరుకులో తీసుకో. ఒకే పాట మూడిటితో వాయించి ఆరడుగుల దూరంలో ఫోన్ పెట్టి రికార్డ్ చెయ్యి. ఏది ఏదో రాసి పెట్టుకుని, మర్నాడు రాసింది చూడకుండా విను. వాయించేవాడి చెవి పిక్‌కి దగ్గర ఉంటుంది, అందుకే చపచప వాడికే ఎక్కువ. ఎదురుగా ఉన్నవాళ్లకి అంత ఉండదు.

అరిగిన_బొటనవేలు
ఇక్కడే ఉన్నా అక్కా, అందరివీ చదువుతున్నా. ఒక్క ముక్కలో చెప్పమంటే ఇంత మంచి గొడవ పెట్టుకున్నారు, థాంక్స్.

కొలిచా. మొన సెంటీమీటరు పైనే బయట ఉంది. తగ్గించి పట్టుకుంటే తిరగడం చాలావరకు ఆగింది. వాలు ఇంకా కుదరట్లేదు, ఒకసారి వస్తే నాలుగుసార్లు పోతోంది. రికార్డింగ్ కూడా చేశా. 0.60తో చపచప నిజంగానే ఫోన్‌లో అంత లేదు. కార్డ్స్‌కి నాకు నచ్చింది 0.73. బిట్లకి మాత్రం అది మెత్తగా, నోట్ నోట్‌కీ మధ్య అంటుకున్నట్టు ఉంది. 0.88తో బిట్లు బాగున్నాయి, కానీ స్ట్రమ్‌లో పైకి వచ్చేటప్పుడు సన్న తీగలకి తట్టుకుంటోంది.

కాపో_రెండో_ఫ్రెట్
0.73 అన్నానా లేదా? రెండో పోస్టులోనే అన్నాను.

పాతబస్తీ_పెంటటోనిక్
సగం పాటకే పనిచేసింది బ్రో, ఎగరకు.

మాండొలిన్_మామయ్య
బాబూ, 0.88ని తిప్పి పట్టుకుని చూడు. మొనతో కాదు, పై భుజంతో. ఆ గుండ్రటి మూల తీగని పట్టుకోదు, పైనుంచి దాటేస్తుంది. మోత కాస్త లావుగా వస్తుంది.

బెజవాడ_బేస్
అవునూ, లోపల కాపురం ఉంటున్న పిక్ సంగతేంటి? తీగలు విప్పక్కర్లేదు. గిటార్‌ని మామూలుగా పడుకోబెట్టి, పిక్ వీపు చెక్క మీద సౌండ్ హోల్ కిందకి వచ్చేదాకా మెల్లగా అటూ ఇటూ వంచు. వచ్చాక ఒక్కసారిగా బోర్లించు. మెల్లగా బోర్లిస్తే పక్కకి జారిపోతుంది.

అరిగిన_బొటనవేలు
ఇప్పుడే చేశా. ఐదోసారికి పడింది. దాంతో పాటు ఇంకో రెండు పడ్డాయి.

ఆరో_తీగ_తెగింది
పిల్లల్ని పెట్టిందా?

అరిగిన_బొటనవేలు
ఒకటి నాది, పల్చటిది. ఇంకోటి ముక్కలైన నైలాన్. మూడోది ఆకుపచ్చది, అంకె కనిపించట్లేదు, మొన ఒక పక్కకి బాగా అరిగి ఉంది. నావి కావు. గలగల ఒక్కదానిదే అనుకున్నా ఇన్నాళ్లూ.

పాత_పెట్టె
ఆకుపచ్చ, టార్టెక్స్ అయితే 0.88. ఒక పక్కే అరిగిందంటే వాడు కుదురుగా ఒకే వాలులో పట్టుకునేవాడు. అంతగా అరగాలంటే నెలల తరబడి వాయించి ఉండాలి.

తీగలక్క_వైజాగ్
అరిగిన వైపు తీగకి తగిలేలా పట్టుకుని స్ట్రమ్ చెయ్యి. నీకు రాని వాలు వాడు ముందే చేసిపెట్టాడు.

అరిగిన_బొటనవేలు
అక్కా తట్టుకోవట్లేదు! కార్డ్స్, బిట్లు రెండూ దీంతోనే వాయించా, గంట నుంచి. పైకి వచ్చేటప్పుడు కూడా జారిపోతోంది. అమ్మ వచ్చి "ఇవాళ పాట వినిపిస్తోందిరా" అంది. పప్పు తర్వాత మొదటి మాట ఇదే.

కాపో_రెండో_ఫ్రెట్
సరే, 0.88. నా ఓటు మార్చుకుంటున్నా.

బెజవాడ_బేస్
ఒక్క నిమిషం. నాలుగు నెలల కిందట కొత్త గిటార్ కొన్నానన్నావు. నెలల తరబడి అరిగిన పిక్ లోపలికి ఎలా వచ్చింది?

అరిగిన_బొటనవేలు
...డబ్బా సీల్ వేసే ఇచ్చారు.

డాలస్_డెసిబెల్
బిల్లు దాచావా?